వాషరక్క దాచుకున్న షాట్

ఆట మైదానం వెనక రేకుల గదిలో, ఒక బల్ల ముందు ఆమె తొమ్మిదేళ్లు కూర్చుంది.

బల్ల మీద ఎడమవైపు మరలు తిప్పే అలెన్ కీల కట్ట, నూనె సీసా, రబ్బరు రింగుల డబ్బా. కుడివైపు క్రోనో. గన్ను గొట్టాన్ని దాని ముందు పెట్టి కాలిస్తే, రంగు గోళీ సెకనుకు ఎన్ని అడుగులు పోతోందో అంకెల్లో చూపించే పెట్టె అది. ఆ మైదానంలో హద్దు రెండువందల ఎనభై. అంతకు మించితే తగిలినచోట చర్మం చిట్లుతుంది. ఇంకా మించితే ముఖానికి పెట్టుకున్న మాస్కును కూడా నమ్మడానికి లేదు. గన్ను హద్దులో ఉందని తేల్చి, అంకె రాసి, గొట్టానికి పసుపు చీటీ కట్టేది ఆమె. చీటీ లేని గన్నును గేటు దగ్గర ఆపేస్తారు.

ఏ గన్ను తెచ్చి ముందు పెట్టినా "వాషర్ పోయుంటుంది" అనేది. పదింట ఎనిమిదిసార్లు అదే అయ్యేది. అందుకని ఆమెను వాషరక్క అన్నారు. ఇంట్లో పెద్దకోడలు, బయట వాషరక్క. అసలు పేరు జీతం కాగితం మీద ఉండేది.

అంతకుముందు పదకొండేళ్లు గ్యాస్ స్టవ్వులు బాగుచేసే కొట్లో పనిచేసింది. కొట్టు మూతపడ్డాక, ఒకప్పుడు పెంకుల ఫ్యాక్టరీ ఉన్న ఖాళీ స్థలంలో ఎవరో కొత్త ఆట పెడుతున్నారని, గాలితో నడిచే తుపాకులు తెప్పించారని, అవి వచ్చిన దగ్గర్నుంచీ బుస్సుమంటున్నాయని విని వెళ్లింది. డ్రమ్ములు, పాత టైర్లు, చెక్కల గోడలు. వాటి వెనక దాక్కుని ఒకరినొకరు రంగు గోళీలతో కొట్టుకోవడమే ఆట. ఆ సంగతి చెబితే అత్తగారు రెండుసార్లు అడిగింది.

"డబ్బిచ్చి దెబ్బలు తింటారా?"

"తింటారత్తయ్యా."

"మనింటికి రమ్మను. ఊరికే కొడతాను."

గాలికీ గ్యాసుకూ బుద్ధి ఒకటే, సందు దొరికితే పోతుంది. ఆమెకు అది తెలుసు కనుక పని దొరికింది. మొదటి వారంలోనే ఇరవై గన్నుల బుస్సు ఆపింది. రెండో నెలకు రెగ్యులేటర్ విప్పి కట్టడం కళ్లు మూసుకుని చేసేది. సిలిండర్లో గాలి పొగరుగా ఉంటుంది. గన్నుకు అంత అక్కర్లేదు. ఆ పొగరు అణచి, కావలసినంతే లోపలికి వదిలేది రెగ్యులేటర్. దాని మరను అలెన్ కీతో పావు చుట్టు తిప్పితే గోళీ వేగం పెరుగుతుంది, వెనక్కి తిప్పితే తగ్గుతుంది. తిప్పిన ప్రతిసారీ రెండు మూడుసార్లు ఉత్తినే కాల్చి పాత గాలిని పంపేయాలి. అప్పుడు గోళీ వేసి అంకె చూడాలి. ఇంతే పని. ఇంతేనని అందరూ అనుకునేవారు.

రెండో ఏడు ఒక సంగతి జరిగింది. ఆమె చీటీ కట్టిన గన్నుతోనే కొడితే ఒక ఆడమనిషికి మెడ కింద ఎముక దగ్గర తగిలింది. కోడిగుడ్డంత వాచింది. ఆ గన్నును తెచ్చి కాలిస్తే రెండువందల డెబ్భై. పదిసార్లు కాల్చినా డెబ్భై, డెబ్భైరెండు. క్రోనో పాడైందన్నారు, దగ్గర్నుంచి కొట్టారన్నారు, ఆమె చర్మం అలాంటిదన్నారు. వాషరక్కకు మాత్రం మనసొప్పలేదు. మూడు సాయంత్రాలు ఆ గన్నుతో కూర్చుంది. మూడోనాడు విసుగొచ్చి పక్కన పెట్టి, టీ తాగి వచ్చి, కాల్చింది. మూడువందల ముప్పై ఒకటి. వెంటనే మళ్లీ కాల్చింది. డెబ్భై.

విప్పి చూస్తే రెగ్యులేటర్ లోపల గాలిని ఆపి ఉంచే సీటు మీద వెంట్రుకంత గీత. తలుపు మూసినా కింది సందులోంచి నీళ్లు జారినట్టు, ఆ గీతలోంచి గాలి కొంచెం కొంచెం జారుతోంది. వరసగా కాలుస్తుంటే తెలియదు. ఒకటి రెండు నిమిషాలు ఊరకే ఉంచితే లోపల గాలి పేరుకుంటుంది. అప్పుడు మొదటి షాట్ మాత్రం పిచ్చి వేగంతో పోతుంది. రెండోది మళ్లీ బుద్ధిగా ఉంటుంది.

ఆనాటినుంచీ ప్రతి గన్నునూ సరిచేశాక స్టాండు మీద పెట్టి లేచేది. కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచుకుని మెల్లగా తాగేది. రింగుల డబ్బా సర్దేది. తిరిగొచ్చి ఒక్క షాట్ కాల్చేది. ఆ ఒక్క అంకే చీటీ మీద రాసేది. చూసేవాళ్లకు అది బద్ధకంలా ఉండేది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏడేళ్లలో ఆమె చీటీ కట్టిన గన్నుతో మరెవరికీ అలా వాయలేదు. వాయకపోవడాన్ని ఎవరు గమనిస్తారు?

*

రెండేళ్ల కిందట మరిదికి పెళ్లైంది. చిన్నకోడలు అంతకుముందు ఫోన్లు బాగుచేసే చోట పనిచేసేది. సన్నని వేళ్లు, చురుకైన చూపు. ఆ కొట్టువాడు ఎత్తేసి పోయాడు. అత్తగారు ఒక పూట అన్నం పెడుతూ, "పెద్దదానా, దీన్ని కూడా నీతో తీసుకుపో. ఇంట్లో ఉంటే నా రేడియో విప్పేస్తోంది" అంది.

తీసుకుపోయింది. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఏ రింగు ఎక్కడ, ఏ మర ఎటు, నూనె ఎంత, గోళీ గొట్టంలో వదులైతే ఏమవుతుంది, బిగుతైతే ఏమవుతుంది. నెల తిరక్కుండా చిన్నకోడలు ఒంటిచేత్తో రెగ్యులేటర్ విప్పింది. పిల్లి పులికి అన్ని విద్యలూ నేర్పి చెట్టెక్కడం మాత్రం దాచుకుందట. వాషరక్క కూడా ఒక్కటి దాచుకుంది. దాస్తున్నానని తనతో తాను కూడా అనుకోలేదు. రేపు చెబుదాం అనుకుంది. రేపటికి రేపు అనుకుంది.

ఏకు మేకైంది.

చిన్నకోడలు మూడు నిమిషాల్లో గన్ను తేల్చేది. వాషరక్కకు ఎనిమిది పట్టేది. వరస చిన్నదాని వైపే పెరిగింది. దాని చీటీలు చూడముచ్చటగా ఉండేవి, అంకెలు ముత్యాల్లా. వాషరక్క అంకెలు కోడి గీకినట్టుండేవి. దాన్ని మేడం అన్నారు. నెలల వ్యవధిలో మేడం అయిపోయింది. తొమ్మిదేళ్ల వాషరక్క వాషరక్కగానే ఉంది.

చిన్నది చెడ్డదైనా బాగుండేది, అసూయకు కాస్త ఆసరా దొరికేది. అది చెడ్డది కాదు. టీ తెస్తే రెండు కప్పులు తెచ్చేది. "అక్కా, నీ చెయ్యి పడితే గన్ను మాట వింటుంది" అనేది, నిజంగానే. ఆ మెచ్చుకోలు వాషరక్కకు గొంతులో ముల్లులా దిగేది. మెచ్చుకునే అధికారం దీనికెవరిచ్చారు?

పడినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకామె. వాషరక్క తోడికోడలు నవ్వేది కూడా కాదు. అదింకా కష్టం.

పెద్ద పోటీకి మూడు రోజుల ముందు మేనేజరు వచ్చాడు. వయసులో చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు.

"ఏమీ అనుకోవద్దక్కా."

అనుకోవలసింది ఉందన్నమాట, అనుకుంది.

"ఆదివారం పన్నెండు జట్లు వస్తున్నాయి. బల్ల దగ్గర చిన్నావిడను కూర్చోబెడదాం. మీరు లోపలి గదిలో రిపేర్లు చూసుకోండి. మీక్కూడా నెమ్మదిగా ఉంటుంది."

"ఆదివారం ఒక్కరోజేనా?"

మేనేజరు క్రోనో మీద దుమ్ము తుడిచాడు. "చూద్దాం. బాగా నడిస్తే అలాగే ఉంచుదామని ఓనరుగారు కూడా..." మాట అక్కడ వదిలేశాడు.

ఆ మూడు రోజులూ వాషరక్క మామూలుగానే ఉంది. ఇంట్లో గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టింది. అత్తగారు గదిలోంచే, "గిన్నెలదేం తప్పు?" అంది.

*

ఆదివారం ఉదయం ఎనిమిదింటికే వరస గేటు దాకా పోయింది. చిన్నకోడలు బల్ల ముందు కూర్చుంది. ఆ కుర్చీ మెత్త వాషరక్క కుట్టింది. లోపలి గది తలుపు సగం తెరిచి ఉంది. ఆ సందులోంచి ఆమెకు బల్ల, స్టాండు, వరసలో మొదటి ఇద్దరు కనబడతారు. ఆమె ముందు విప్పిన గన్నులు నాలుగున్నాయి. చేతులు వాటి మీద, చెవులు బయట.

ఎనిమిదో వాడు పళ్ల డాక్టరు. సొంత గన్ను, నల్లగా, పక్కన చిన్న ప్రెషర్ మీటర్ బిగించినది. దాన్ని గుడ్డలో చుట్టుకుని చంటిపిల్లలా తెస్తాడు.

"మీలాంటివాళ్లు మా క్లినిక్‌లో ఉంటే రోజుకు నలభైమందిని చూసేవాణ్ని మేడం," అన్నాడు.

"పళ్లు కూడా స్పీడు చూసి పీకుతారా డాక్టరుగారూ?" అంది చిన్నకోడలు, మర తిప్పుతూనే.

వరస నవ్వింది. డాక్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఈ డాక్టరు వాషరక్కతో ఏనాడూ నవ్వలేదు. ఒకే ఒక్కసారి అన్న మాట ఆమెకు గుర్తుంది. "మీకు గన్నిచ్చి ఇంటికెళ్లి స్నానం చేసి రావచ్చమ్మా."

టప్, టప్, టప్. "రెండువందల డెబ్భై ఆరు," అంది చిన్నకోడలు. చీటీ కట్టింది. డాక్టరు గన్నును స్టాండు మీద ఆనించి మాస్కు తెచ్చుకోవడానికి వెళ్లాడు.

ఆ స్టాండు లోపలి గది తలుపు పక్కనే. గన్ను మీటరు వాషరక్క వైపు తిరిగి ఉంది. ఆమె కావాలని చూడలేదు. పదకొండేళ్లు స్టవ్వులు, తొమ్మిదేళ్లు గన్నులు. ముల్లు కనబడితే కన్ను దానంతటదే పోతుంది. నూట యాభై దగ్గరుంది ముల్లు. ఆమె ఒక రింగు ఎక్కించి తలెత్తింది. నూట అరవై అయిదు. ఇంకో రింగు ఎక్కించింది. నూట ఎనభై. ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ తిప్పలేదు. ముల్లు తనంతట తాను చీమలా పాకుతోంది.

సీటు పోయింది.

వాషరక్క లోపల ఏదో చల్లగా అయింది. చాలా రోజుల తర్వాత. సిగ్గుపడాల్సింది. పడలేదు. చేతిలో రింగు పెట్టుకుని అలాగే కూర్చుంది.

మైదానంలో రెఫరీ కూడా మధ్యమధ్య చూస్తాడు, కానీ అతనూ వరసగా మూడు కాల్చి చూస్తాడు. పట్టుకోలేడు. దీన్ని పట్టుకునేది చివరికి ఎవరో ఒకరి ఒళ్లే. డాక్టరు డ్రమ్ము వెనక కూర్చుంటాడు, రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూస్తాడు, ఎవరో పది అడుగుల దూరంలో తల ఎత్తుతారు. మొదటి షాట్.

చిన్నదాని చక్కటి అంకె ఆ గన్నుకే వేలాడుతూ ఉంటుంది. రెండువందల డెబ్భై ఆరు. ముత్యాల్లా.

డాక్టరు మాస్కు తగిలించుకుని వచ్చాడు. గన్ను తీసుకున్నాడు. గేటు వైపు నడిచాడు. గేటుకు ఇరవై అడుగులుంటుంది. అందులో సగం దూరం వాషరక్క చూస్తూ కూర్చుంది.

మెడ కింద వాచిన ఆ ఆడమనిషి గుర్తొచ్చింది. ఐసు ముక్క అద్దుతుంటే పళ్లు బిగబట్టి, "పర్లేదులేండి" అన్న మనిషి. ఆ వెంటనే ఇంకోటి కూడా తోచింది. ఇవాళ ఎవరికైనా అలా తగిలితే చిన్నది ఏడుస్తుంది. అందరూ దాని చుట్టూ చేరి ఓదారుస్తారు. "పాపం, దానికేం తెలుసు, నేర్పినవాళ్లు సరిగా నేర్పాలిగా" అంటారు. ఈ రెంటిలో ఏది ఆమెను లేపిందో ఆమెకే తెలియదు. లేచింది.

"డాక్టరుగారూ, ఆగండి."

గట్టిగా అనలేదు. అయినా వరస మొత్తం తిరిగి చూసింది. ఆమె వెళ్లి గన్ను తీసుకుంది, తెచ్చి చిన్నకోడలి ముందు పెట్టింది.

"కాల్చు. ఒక్కటే."

"ఇప్పుడే చూశాను కదక్కా. డెబ్భై ఆరు."

"కాల్చు."

చిన్నకోడలు కాల్చింది. మూడువందల ముప్పై ఎనిమిది.

చిన్నకోడలు మళ్లీ కాల్చింది. డెబ్భై ఏడు. మళ్లీ. డెబ్భై ఆరు.

"క్రోనో తడబడిందేమో," అన్నాడు డాక్టరు.

"పక్కన పెట్టు. ముట్టుకోకు," అంది వాషరక్క.

రెండు నిమిషాలు ఎంత పొడుగో ఆ వరసకు అప్పుడు తెలిసింది. ఎవరో దగ్గారు. వెనకనుంచి ఒకడు, "ఏంటి, గన్ను నిద్రపోతోందా?" అన్నాడు. నవ్వు రాలేదు. వాషరక్క తలాడించింది. చిన్నకోడలు కాల్చింది. మూడువందల ముప్పై అయిదు.

"సీటు మీద గీత పడింది," అంది వాషరక్క, వరసకు వినబడేలా. "ఊరకే ఉంటే గాలి పేరుకుంటుంది. మొదటిది ఇలా పోతుంది. వరసగా కాలిస్తే ఎవరికీ దొరకదు." ఆ మాటలు నోట్లో తియ్యగా ఉన్నాయి. ఏడేళ్లు ఊరబెట్టిన మాటలు.

చిన్నకోడలు క్రోనో వైపు చూడటం లేదు. మూలనున్న నీళ్ల కుండ వైపు చూస్తోంది. తర్వాత వాషరక్క వైపు చూసింది. పక్కవాళ్లకు వినబడనంత మెల్లగా అడిగింది.

"నీళ్లు తాగడానికి లేచేదానివి. అందుకా?"

"అందుకే."

"నాకు చెప్పలేదు."

"నువ్వు అడగలేదు."

"రెండేళ్లు నీ పక్కన కూర్చున్నానక్కా."

వాషరక్క నోట్లో తీపి పోయింది. ఇప్పుడు అదే మాట చిన్నది కాస్త గొంతు పెంచి అంటే చాలు. తెలిసి దాచింది, ఇన్నాళ్లూ దాచింది అంటే చాలు. బల్ల కాదు, గది కూడా ఉండదు. ఆ సంగతి చిన్నదానికీ తట్టింది. ముఖంలో కనబడింది. తట్టిన చోటే ఒక క్షణం ఆగింది.

తర్వాత కుర్చీలోంచి లేచింది.

"ఇందాకటినుంచి చీటీ కట్టినవాళ్లందరూ గన్నులు వెనక్కి తీసుకురండి," అంది. "నేను సరిగా చూడలేదు. తప్పు నాదే. మా అక్క మళ్లీ చూస్తుంది."

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. పన్నెండు జట్లన్నాడు, టైమన్నాడు, ఓనరన్నాడు. చిన్నకోడలు మూడువందల ముప్పై అయిదు అంకె చూపించింది. కట్టిన ఎనిమిది చీటీలూ విప్పి, ఆ గన్నులనీ వరసలో మిగిలినవాటినీ స్టాండు నిండా ఆనించారు. చోటు చాలక కొన్ని గోడకు ఆనించారు. వాషరక్క తన కుర్చీలో తను కూర్చుని ఒక్కొక్కటే, ఒక్కొక్క షాట్ కాల్చింది. ఇంకో రెండు దొరికాయి. ఒకటి మూడువందల పదకొండు, ఒకటి మూడువందల రెండు. వాటి సీట్లు మార్చింది. ఆట గంటన్నర ఆలస్యంగా మొదలైంది.

మొదలయ్యేముందు మేనేజరు మైకు పట్టుకున్నాడు. ఆలస్యానికి క్షమించమన్నాడు. తర్వాత, "తన తప్పు తానే ఒప్పుకుని, నలుగురి ముందు సరిదిద్దుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి," అని చిన్నకోడలి వైపు చెయ్యి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరు ఈల వేశాడు.

వాషరక్క చేతిలో అలెన్ కీ ఉంది. పట్టుకున్నది తను. చప్పట్లు దానికి. పుండు మీద కారం చల్లినట్టుంది. పనిలో దాటిపోయింది, సరే. ఇప్పుడు మంచితనంలో కూడా దాటిపోయింది. అందులో ఎలా అందుకోవాలి దాన్ని?

*

సాయంత్రం ఇద్దరూ కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నారు. నూనె జిడ్డు వదలడానికి సబ్బు రెండుసార్లు రుద్దాలి. ఒకటే సబ్బు. ఒకరు రుద్దుతుంటే ఒకరు ఆగాలి.

"బల్ల నువ్వే తీసుకో అక్కా. మేనేజరుకు నేను చెప్తాను."

"నువ్విస్తే తీసుకోడానికి అదేమైనా పాత బట్టా?"

చిన్నకోడలు కొళాయి కింద చేతులు పెట్టింది. "అత్తయ్యకు చెప్పనులే," అంది.

"ఏం చెప్పవు?"

"నువ్వు దాచిన సంగతి."

"చెప్పుకో. ఆవిడ మెచ్చుకుంటుంది. బీరువా తాళం ఎక్కడ పెడుతుందో ఇన్నేళ్లయినా నాకు చెప్పలేదు."

చిన్నకోడలికి నవ్వొచ్చింది. ఆపుకుంది. అది ఆపుకోవడం వాషరక్క చూసింది.

"మనసులో ఏమనుకున్నావు, ఇందాక, లేచే ముందు?" అని అడిగింది వాషరక్క.

"ఏమనుకుంటాను. నీ గొంతు పిసికేద్దామనుకున్నాను."

ఆ మాటకు వాషరక్కకు ఎక్కడో కొంచెం ఊపిరాడింది. సబ్బు దానికిచ్చింది. "రెండు బల్లలు వెయ్యమను," అంది. "సరిచేసేది నువ్వు చెయ్యి. తర్వాత రెండు నిమిషాలు స్టాండు మీద ఉంటుంది. చివరి షాట్ నాది. చీటీ నేను కడతాను."

"అంకె మాత్రం నేను రాస్తాను. నీ రాత ఎవరికీ అర్థం కాదు."

వాషరక్క ఆలోచించింది. సరేనంది.

అలా రెండు బల్లలు పడ్డాయి. వేరే మైదానాలవాళ్లు వచ్చి చూసిపోయారు. మేనేజరు దాన్ని తన పద్ధతిగా చెప్పుకున్నాడు. చిన్నకోడలిని ఇప్పటికీ మేడం అంటారు. వరసలో జోకులు ఇప్పటికీ ఆ బల్ల దగ్గరే.

రెండో బల్ల దగ్గర వాషరక్క కూర్చుంటుంది. స్టాండు మీదనుంచి గన్ను తీసి, ఒక్కటి కాలుస్తుంది. రెండువందల డెబ్భై నాలుగు. రెండువందల డెబ్భై ఎనిమిది. అంకె హద్దులో ఉన్న ప్రతిసారీ ఆమెకు లోపల కాస్త నిరుత్సాహం. చీటీ కట్టి ఇంకోటి అందుకుంటుంది. ఎప్పుడో వారానికొకసారి అంకె మూడువందలు దాటుతుంది. అప్పుడామె గొంతు పెంచదు, తల కూడా తిప్పదు.

"అమ్మాయ్, ఇదిగో నీ గన్ను," అంటుంది.

ఆ ఒక్కమాట కోసం మిగతా గన్నులన్నిటినీ ఓపిగ్గా కాలుస్తుంది.